నీ ఇష్టం అనే మనిషి

మా నాన్న లాకు లస్కరు. గూడూరుకు కాస్త ఎగువన, బందరు కాలువ మీద ఉన్న లాకు ఆయనది. ఆయనదంటే సర్కారుదే. కానీ పాతికేళ్ళకు పైగా దాని తలుపులు తీసిందీ వేసిందీ ఆయనే కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని ఆయన పేరుతోనే పిలిచేవారు. గట్టు మీద మాకు రెండు గదుల పెంకుటిల్లు ఇచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే.

లాకు చూడనివాళ్ళకు చెప్పాలంటే, కాలువ అక్కడ ఒక మెట్టు దిగుతుంది. నీళ్ళు దూకగలవు, పడవ దూకలేదు. అందుకని రెండు జతల తలుపుల మధ్య పెద్ద తొట్టిలాంటి చోటు కట్టారు. బందరు నుంచి ఉప్పు పడవ వస్తే, నాన్న కింది తలుపులు తీసి లోపలికి రానిచ్చి, మళ్ళీ మూసి, పైనుంచి నీళ్ళు వదిలేవాడు. నీళ్ళతోపాటు పడవ మెల్లగా లేచేది. పై తలుపులు తీస్తే బెజవాడ వైపు సాగిపోయేది. అటునుంచి ధాన్యం పడవ వస్తే ఇదంతా తిరగేసి చేసేవాడు. ఎక్కించిన నీళ్ళు దించడం, దించిన నీళ్ళు ఎక్కించడం. ఆయన ఉద్యోగం మొత్తం అంతే.

పదమూడేళ్ళప్పుడు ఒకసారి అడిగాను. “రోజూ ఇదే పని కదా నాన్నా, విసుగు పుట్టదా?”

“పడవ వేరు కదమ్మా” అన్నాడు.

ఆయన మాటలు అలాగే ఉండేవి, పొడిగా. అందులోనూ ఒక మాట మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినపడేది. ఏ విషయం అడిగినా “నీ ఇష్టం” అనేవాడు. అమ్మ ఈ రోజు కూరేం చేయమంటారంటే నీ ఇష్టం. గేదెను అమ్మేద్దామా అంటే నీ ఇష్టం. నేను ఏ గౌను వేసుకోవాలంటే నీ ఇష్టం. “ఈయన్నడిగేకంటే ఆ తలుపునడిగితే నయం, కిర్రుమనైనా అంటుంది” అని అమ్మ విసుక్కునేది. మిగతా ఆడపిల్లల తండ్రులు కళ్ళెర్రజేసి మరీ చెప్పేవారు: ఇక్కడికి వెళ్ళద్దు, అది చదవద్దు, గట్టిగా నవ్వద్దు. ఆ పిల్లలు నాకేసి అసూయగా చూసేవారు. నాకేమో వాళ్ళని చూస్తే అసూయ. మా నాన్నకి నేనంటే పట్టదేమో అనుకునేదాన్ని.

నేను స్కూలు ఫైనలు పాసైన ఏడు ఆ అనుమానం బాగా ముదిరింది.

మా మేనమామది గుడివాడ. అక్కడ రైసు మిల్లులో మేస్త్రీ. ఆయన కొడుకు, అంటే మా బావ, అదే మిల్లులో ఇంజను చూసేవాడు. నెమ్మదైనవాడు, నాకు చిన్నప్పట్నుంచీ తెలిసినవాడు. వంక పెట్టడానికేమీ లేదు. జ్యేష్ఠమాసంలో ఒకరోజు మావయ్య వచ్చి గట్టు మీద నాన్న పక్కన కూర్చున్నాడు.

“పిల్ల చదువైపోయింది కదా బావా. శ్రావణంలో కానిచ్చేద్దామా?” అన్నాడు.

“దాన్నడుగు” అన్నాడు నాన్న.

మావయ్య నవ్వేశాడు. “దాన్నడిగేదేంటి బావా, చిన్నపిల్ల! నువ్వు ఊఁ అను చాలు.”

“పెళ్ళి దానిది కదా. నేనంటే ఏం లాభం?”

మావయ్యకు కోపం రాలేదు గానీ అమ్మకొచ్చింది. అదే వారంలో ఇంకో సంగతి జరిగింది. మా గూడూరు స్కూల్లో హెడ్మిస్ట్రెస్ గారు నాతో దరఖాస్తు పెట్టించిన సంగతి నేను దాదాపు మరిచిపోయాను. బందరులో ఆడవాళ్ళ ట్రెయినింగు స్కూల్లో సీటు వచ్చిందని, పది రోజుల్లో చేరాలని కార్డు వచ్చింది. అటు మావయ్య, ఇటు కార్డు. నాకు అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం లాకు మీదికి వెళ్ళాను. ఉప్పు పడవొకటి తొట్టిలో ఉంది. నీళ్ళు నిండుతున్నాయి. నాన్న చేతిలో గొలుసుతో నిలబడి ఉన్నాడు.

“నాన్నా, నువ్వే చెప్పు. గుడివాడా? బందరా?”

“నీ ఇష్టం తల్లీ.”

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. “అసలు నువ్వు నాన్నవేనా? అందరి నాన్నలూ చెప్తారు. ఏదో ఒకటి చెప్పు! నాకు తెలీక కదా నిన్నడుగుతున్నా!” అని అరిచాను. పడవ నడిపే సరంగు మొహం అటు తిప్పుకున్నాడు.

నాన్న గొలుసు కొక్కేనికి తగిలించి గట్టు మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. ఆయన అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

“మా నాన్న కూడా ఈ లాకులోనే చేసేవాడు. ఆఫీసరు కాళ్ళా వేళ్ళా పడి నన్నిక్కడ పెట్టించాడు. నన్నెవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళుంటాయి నాకు. ఓ రోజు ఎవరికీ చెప్పకుండా ఉప్పు పడవెక్కి బందరు పోయాను. రంగం, అదే రంగూను, వెళ్ళే స్టీమరు దూరంగా సముద్రంలో ఆగి ఉంది. మనుషుల్ని దాని దగ్గరికి చేర్చే నాటు పడవ రేవులో ఉంది. ఓ కాలు అందులో పెట్టాను. పడవవాడు అడిగాడు, వస్తున్నావా లేదా అని. తిట్టలేదు, బతిమాలలేదు. ఊరికే అడిగాడు. అప్పటిదాకా నన్నెవరూ ఆ మాట అడగలేదమ్మా. వెనక్కి తిరిగి చూశాను. ఆపేవాళ్ళు లేరు. తోసేవాళ్ళూ లేరు. అంత భయం నేనెప్పుడూ పడలేదు.”

“తర్వాత?”

“కాలు తీసేశాను.”

“భయపడి వచ్చేశావన్నమాట.”

“భయపడి వచ్చానో, ఈ లాకు మీద ఇష్టంతో వచ్చానో ఇప్పటికీ తెలీదు. కానీ వచ్చింది నేను. బందరు నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాను. మర్నాడు పొద్దున్నే ఈ తలుపులు తీస్తుంటే, అది మా నాన్న పెట్టించిన పనిలా అనిపించలేదు. నేను తెచ్చుకున్న పనిలా అనిపించింది. పని అదే. తలుపులూ అవే.”

తొట్టి నిండింది. ఆయన లేచి పై తలుపులు తీశాడు. పడవ వెళ్ళిపోయాక మళ్ళీ నా దగ్గరికొచ్చి, “నేను గుడివాడన్నాననుకో. రేపు అక్కడ బాగోకపోతే నన్ను తిట్టుకుంటావు. బాగుంటే నాకు దణ్ణం పెడతావు. రెండిట్లోనూ నువ్వెక్కడున్నావు?” అన్నాడు.

ఆ మాటకు అప్పుడు నాకు కృతజ్ఞత కలగలేదు. ఇంకా ఒంటరిదాన్నైపోయాననిపించింది. మర్నాడు ఒక తప్పించుకునే దారి కనిపెట్టాను. ఇప్పుడొచ్చే పడవలో ఉప్పుంటే బందరు, ధాన్యముంటే గుడివాడ అనుకుని గట్టు మీద కూర్చున్నాను. గంట తర్వాత పడవ వచ్చింది. నిండా తాటాకులు. నాకు నవ్వాగలేదు. ఒక్కదాన్నే కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఈ లోకానికి నా పెళ్ళి సంగతి గానీ చదువు సంగతి గానీ అసలు పట్టలేదని, అది నాకోసం ఏ గుర్తూ పంపదని ఆ తాటాకుల పడవే నాకు మొదట చెప్పింది.

ఆ సాయంత్రం కళ్ళు మూసుకుని రెండూ ఊహించుకున్నాను. మావయ్యతో సరేనని చెప్పడం ఊహించుకుంటే నిద్రొచ్చినట్టుగా ఉంది. కాదని చెప్పడం ఊహించుకుంటే గుండె దడదడలాడింది. నిద్రకన్నా దడే మేలనిపించింది. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు. బందరు వెళ్ళాను. మావయ్య మంచివాడు కాబట్టి రాకపోకలు మానలేదు. అమ్మ మాత్రం ఏడాదిన్నర నాతో సరిగ్గా మాట్లాడలేదు. సెలవలకు ఇంటికొస్తే అన్నం పెట్టేది, తలంటేది, మొహం మాత్రం చూసేది కాదు.

ట్రెయినింగయ్యాక పంచాయతీ సమితి వాళ్ళు నన్ను దివిసీమలో వేశారు. కృష్ణ దాటి అవనిగడ్డ, అక్కణ్ణుంచి నాగాయలంక దాకా బస్సు, ఆపైన పడవ. సముద్రం వినపడే ఊరు. చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు నలభై దాకా ఉంటాయి. బడి అంటే తాటాకు పాక, ఒక బల్ల, ఒక కుర్చీ, చూరుకు వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. అదే గంట. ఊళ్ళో ఒక విధవరాలి ఇంట్లో నాకు గది దొరికింది. ఆవిడ ఎండుచేపల వ్యాపారం చేసేది.

మొదటి రోజు గంట కొట్టాను. ఎవరూ రాలేదు. రెండో రోజూ అంతే. “ఇప్పుడు వేట బాగుంది పంతులమ్మగారండీ. పిల్లలంతా వలల కాడ ఉంటారు. వానలు పడ్డాక వస్తార్లెండి” అంది ఇంటావిడ. కానీ బడి తెరవకపోతే సమితి వాళ్ళు ఊరుకోరు. కాబట్టి రోజూ పొద్దున్నే వెళ్ళి పాక ఊడ్చేదాన్ని, గంట కొట్టేదాన్ని, హాజరు పట్టీ తెరిచి అందరికీ సున్నాలు చుట్టేదాన్ని. సాయంత్రం మళ్ళీ గంట కొట్టి, రాని పిల్లల్ని ఇంటికి పంపేదాన్ని. ఒక్కోసారి ఒకరిద్దరు తొంగిచూసి పారిపోయేవారు. మూడు నెలలు అలా గడిచాయి.

దీనికోసమా నేను గుడివాడ వద్దన్నది? తిట్టుకుందామంటే తిట్టుకోవడానికి మనిషి లేడు. నాన్న నాకా వెసులుబాటు లేకుండా చేశాడు కదా. అయినా ఒక ఉత్తరం రాశాను: ఇక్కడ నా అవసరం ఎవరికీ లేదు, గాలికి పాఠాలు చెబుతున్నాను, ఏం చేయమంటావు, అని. ఆయనకు చదవడం రాదు. పడవ సరంగుల చేత చదివించుకుని ఉంటాడు.

జవాబు రాలేదు. కాలువ కట్టేశాక, అంటే ఎండాకాలం నీళ్ళు ఆపి పడవలు ఆగిపోయాక, ఆయనే వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, అందులో అమ్మ పంపిన జంతికలు. అంటే అమ్మ కోపం కాస్త తగ్గిందన్నమాట. ఆ రాత్రి ఏమీ అడగలేదు. తెల్లారి లేచి, “బడి ఎన్నింటికి?” అన్నాడు.

నేను పాక ఊడ్చి గంట కొట్టాను. ఎప్పటిలాగే ఎవరూ రాలేదు. నాన్న చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“ఏంటి నాన్నా ఇది?”

“పాఠం చెప్పమ్మా. నాకు సంతకం తప్ప ఏమీ రాదు కదా.”

మొదట సిగ్గేసింది. తర్వాత పలక ఇచ్చి అ దగ్గర మొదలుపెట్టాను. ఆయన చేతులు తలుపులు తిప్పి తిప్పి బండబారిపోయి ఉండేవి. బలపం రెండుసార్లు విరగ్గొట్టాడు. “దీని తోక ఎటు తిప్పాలి?” అని అడుగుతూ, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, చిన్నపిల్లాడిలా దిద్దాడు. మధ్యాహ్నానికల్లా నేను పంతులమ్మనన్న సంగతి తప్ప మిగతావన్నీ మరిచిపోయాను. సాయంత్రం హాజరు పట్టీలో ఆయన పేరు లేదు గనక ఎక్కడ రాయాలో తెలియలేదు. మూడు రోజులు అలా వచ్చాడు.

నాలుగో రోజు పడవ దగ్గర అడిగాను. “నేనూ వచ్చేయనా నాన్నా?” నిజానికి రమ్మంటాడేమోనని ఆశ. కనీసం నీ ఇష్టం అంటాడని అయినా అనుకున్నాను. అదీ అనలేదు.

“పాఠం బాగా చెబుతున్నావమ్మా. ఆ బండి ఱ ఎందుకో నాకు తెలీలేదు గానీ, మిగతావి బాగానే అర్థమయ్యాయి” అన్నాడు. పడవ కదిలింది.

మర్నాడు నేను మళ్ళీ గంట కొట్టాను. ఏ అద్భుతమూ జరగలేదు, పిల్లలు పరిగెత్తుకుంటూ రాలేదు. కానీ గంట కొట్టడంలో ఏదో మారింది. అప్పటిదాకా ఎవరో వచ్చి నీ పని అవసరమైనదే అని చెబుతారని ఎదురుచూస్తూ కొట్టాను. ఆ రోజు ఎదురుచూడకుండా కొట్టాను. గంట మోత బాగుంటుందని కూడా అప్పుడే గమనించాను. తేమ గాలిలో అది ఉప్పుటేరు దాకా వెళ్ళి తిరిగొచ్చేది. ఇంటావిడ చెప్పినట్టే వానలు పడ్డాక పిల్లలు వచ్చారు. ముందు నలుగురు, తర్వాత పదకొండు మంది. ఆ ఊళ్ళో ఆరేళ్ళు ఉన్నాను. అంత సంతోషంగా నేను ఇంకెక్కడా ఉండలేదు.

బావకు ఇంకో సంబంధం చేశారు. ఆ అమ్మాయీ బావా హాయిగా ఉన్నారు. గుడివాడ వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో భోంచేసేదాన్ని. పెరట్లో బంతిపూలు, గోడకు ఆనుకుని సైకిలు, గుమ్మంలో పసివాడు. ఇది నాది అయ్యేదే కదా అనుకునేదాన్ని. ఆ జీవితం కూడా బాగానే ఉండేదేమో. ఇది బాగుంది కాబట్టి అది చెడ్డదై ఉండాలనేం లేదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. సరైన దారి ముందే ఎక్కడో రాసిపెట్టి ఉంటే నేను దాన్ని కనుక్కున్నానని కాదు. నేను నడిచింది నా దారయింది, అంతే. తర్వాతి రోజుల్లో తత్వశాస్త్రం పుస్తకాలు కొన్ని తిరగేసినప్పుడు ఇవే సంగతులు పెద్ద పెద్ద మాటల్లో కనిపించాయి. చదువుతుంటే నాకు ఉప్పు పడవే గుర్తొచ్చేది.

ఇంతవరకూ చెప్పి ఆపితే నాన్న ఒక్కడే గొప్పవాడని చెప్పినట్టవుతుంది. దివిసీమలో నాలుగో ఏడు, ఎండాకాలం సెలవల్లో ఇంటికొచ్చాను. అమ్మా నేనూ పెరట్లో మినప వడియాలు పెడుతున్నాం. నాన్న అరుగు మీద లాకు గొలుసుకు గ్రీజు పూస్తున్నాడు. నేను మురిపెంగా, “నాన్నలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతాడమ్మా? ఏదడిగినా నీ ఇష్టం అన్నాడు” అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. “నీకన్నాడు” అంది.

“నీకూ అంటాడు కదా. కూరల దగ్గర్నుంచీ.”

“కూరా? రోజూ వండేదాన్ని నేను. ఏం వండాలో కూడా నేనే ఆలోచించుకోవాలి. అది ఇష్టం ఎట్లా అవుతుందే? అది ఇంకో పని.” పిండి చెయ్యి గిన్నె అంచుకు రాసింది. “పద్నాలుగేళ్ళకి ఈ గట్టు మీదికొచ్చాను. వస్తావా అని ఎవరడిగారు? ఉంటావా అని ఎవరడిగారు? ఆయనకి సముద్రం దాకా వెళ్ళి తిరిగి రావడానికి ఓ పడవైనా ఉంది. నా ఇష్టం ఎవరడిగారు?”

కోపంగా అనలేదు. వడియాలు ఎండలేదు అన్నంత మామూలుగా అంది. ఇన్నేళ్ళూ అమ్మ నన్ను ఆపబోయిందనే అనుకున్నాను. ఆవిడకు అసలు అలాంటి తలుపొకటి ఉంటుందనే ఎవరూ చూపించలేదని నాకు తట్టలేదు.

అరుగు మీద గొలుసు చప్పుడు ఆగిపోయింది. నాన్న, “నిజమే. నేనూ అడగలేదు” అన్నాడు. చేతులకు గ్రీజుతోనే పెరట్లోకొచ్చి నిలబడ్డాడు. “ఇప్పుడడుగుతున్నా. నీకేం కావాలి?”

“ముప్పై ఏళ్ళయ్యాకా? పోండి, ఎండ మీద పడుతోంది, అడ్డం తప్పుకోండి” అంది అమ్మ.

కానీ ఆయన ఆ ప్రశ్నను వదల్లేదు. పొద్దునా సాయంత్రమూ అడిగాడు. అమ్మ విసుక్కుంది, నవ్వింది, ఒకసారి ఏడ్చింది కూడా. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ చెప్పింది.

“గుడివాడలో హోటల్లో కూర్చుని తినాలి. నేను వండనిది. నేను కూర్చునుండగా ఇంకొకళ్ళు తెచ్చిపెడితే తినాలి.”

“అంతేనా? పదండి, రేపే వెళ్దాం” అన్నాడు నాన్న.

“మీరొద్దు. మీరొస్తే మీ పళ్ళెం వైపే చూస్తూ కూర్చుంటాను. అమ్మాయీ నేనూ వెళ్తాం.”

వెళ్ళాం. పామర్రులో బస్సు మారి గుడివాడలో దిగేసరికి పది దాటింది. మార్కెట్టు దగ్గర హోటల్లో ఆడవాళ్ళు కూర్చోవడానికి తెర కట్టిన గది ఉండేది. సర్వరు వచ్చి మంచినీళ్ళు పెట్టి, “ఏం కావాలండీ?” అన్నాడు. అమ్మ తడుముకుంటుందేమోనని నేను నోరు తెరవబోయాను. అంతలోనే, “పెసరట్టు. అల్లం బాగా పడాలి. ఉప్మా విడిగా తీసుకురా బాబూ” అంది. ఇన్నేళ్ళూ మనసులో అనుకుంటూనే ఉందన్నమాట!

పెసరట్టు వచ్చేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని, వంటగది వైపు చూస్తూ కూర్చుంది. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు. తింటూ, “మిరపకాయ తక్కువైంది” అంది, ఎంతో తృప్తిగా. ఇంకోటి తెప్పించుకుంది. రెండు కాఫీలు తాగింది. అన్నీ అయ్యాక అలవాటు కొద్దీ ఎంగిలి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, తీసుకుని లేచి నిలబడింది.

సర్వరు కంగారుగా వచ్చాడు. “అయ్యో, అక్కడ పెట్టేయండమ్మా. మేం తీస్తాం.”

అమ్మ పళ్ళేలు మెల్లగా బల్ల మీద పెట్టి మళ్ళీ కూర్చుంది. అతను వాటిని తీసుకెళ్ళడం, తడిగుడ్డతో బల్ల తుడవడం చివరిదాకా చూసింది. నేను కళ్ళు తుడుచుకుని, “వెళ్దామా?” అన్నాను. “ఉండవే. కాసేపు కూర్చుందాం” అంది.

నేను సెలవలైపోయి దివిసీమకు తిరిగి వెళ్ళాక, అమ్మ ఒక్కతే గుడివాడ వెళ్ళడం మొదలుపెట్టింది. రెండు మూడు నెలలకోసారి. పొద్దున బస్సెక్కేది, చీకటి పడకముందే వచ్చేది. అప్పటికి లారీలు ఎక్కువై కాలువలో పడవలు తగ్గిపోయాయి. నాన్నకు తీరిక ఉండేది. ఆ రోజుల్లో ఆయనే పొయ్యి వెలిగించి అన్నం వండేవాడు. ఒకసారి నేను ఇంట్లో ఉండగానే అమ్మ వెళ్ళొచ్చింది. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే, నాన్న మంచినీళ్ళు తెచ్చిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“ఏం తిన్నావు?”

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఇడ్లీ ఎంత మెత్తగా ఉందో, చట్నీలో ఏం వేశారో, పక్క బల్ల దగ్గర కూర్చున్నావిడ ఏ ఊరిదో. ఆవిడ ఆగినప్పుడు నాన్న, “ఊఁ, ఇంకా?” అన్నాడు.